ఎడమ పెట్టెలో బరువు కణాలు

బోడిల్ మా ల్యాబులో ఇరవై ఆరేళ్లు కణాలు పెంచింది. అందులో చివరి రెండేళ్ల సంగతి నేను చెప్పాలి. ఆమె చెప్పదు. తెలిసిన మిగతా ఇద్దరూ కూడా చెప్పరు.

పొట్టి మనిషి, నడక మాత్రం జోరు. మంచు పడుతున్నా సైకిల్ మీదే వచ్చేది. ఊలు టోపీ కూడా తియ్యకుండా నేరుగా కణాల గదిలోకి వెళ్లి, ఒక్కో గిన్నెనూ సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసి, అన్నీ బాగున్నాయనుకున్నాకే కోటు విప్పేది. అవి ఎప్పుడో ఒక ఎలుక కండరం నుంచి తీసిన కణాలు. రెండు రోజులకోసారి పాత ద్రవం పీల్చేసి కొత్తది పొయ్యాలి. గిన్నె కిక్కిరిసిపోతే విడదీసి వేరే గిన్నెల్లోకి మార్చాలి. ఆదివారమని, క్రిస్మస్ అని వాటికి తెలియదు. బోడిల్ భర్త ఆక్సెల్ పోస్టాఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. ఆమె కోసం అప్పుడప్పుడు వచ్చి మా కాఫీ గది గుమ్మంలో నిలబడేవాడు.

"ఏం వెర్నర్, మా ఆవిడని ఇవాళైనా వదుల్తారా, లేక ఎలుకకే ఇచ్చేశారా?" అనేవాడు.

"నేను పట్టుకోలేదు బాబూ, ఎలుకనే అడుగు" అనేవాణ్ని నేను.

నేను అక్కడ కొలత యంత్రం నడిపేవాణ్ని. బోడిల్ గది మా నడవాకి ఆ చివర, నాది ఈ చివర. రోజూ పదకొండున్నరకి ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని రై ధాన్యపు రొట్టె మీద లివర్ పేస్టు, బీట్‌రూట్ ఊరగాయ పెట్టుకుని తినేవాళ్లం. ఇరవయ్యేళ్లు దాటి అలా తిన్నాం.

2003లో మా భవనంలో ఎవరి నోట విన్నా ఒకటే మాట, బరువు తిండి. పద్ధతి చెప్పడానికి తేలిక. కణాలను రెండు గుంపులు చెయ్యాలి. ఒక గుంపుకి మామూలు తిండి. రెండో గుంపుకీ అదే తిండి, కాకపోతే అందులోని ఆర్జినీన్, లైసీన్ అనే రెండు అమైనో ఆమ్లాలు కాస్త బరువైనవి. వాటిలోని కార్బన్ పరమాణువులకు ఒక్కో న్యూట్రాన్ ఎక్కువ ఉంటుంది. అది విషం కాదు, అందులో రేడియేషనూ లేదు, కణానికి ఏ తేడా తెలియదు. తింటుంది, పెరుగుతుంది, రెండుగా చీలుతుంది. అలా ఐదారు తరాలు గడిచేసరికి దాని ఒంట్లోని ప్రోటీన్లన్నీ ఆ బరువు ముక్కలతోనే కట్టుకుని ఉంటాయి. అప్పుడు ఒక గుంపుకి మందు వేసి, రెండో దానికి వెయ్యకుండా, రెంటినీ సమంగా కలిపి నా యంత్రంలోకి పంపితే, ప్రతి ప్రోటీన్ ముక్కా తెర మీద రెండు శిఖరాలై లేస్తుంది. ఒకటి తేలికది, పక్కనే బరువుది. రెండూ సమానంగా ఉంటే మందు ఆ ప్రోటీన్‌ను ముట్టుకోలేదని అర్థం. మందు వేసిన గుంపు శిఖరం రెండింతలుంటే మందు దాన్ని రెండింతలు చేసిందని అర్థం. రెండు గుంపులూ కలిపేశాక ఒకే గొట్టంలో ఉంటాయి కాబట్టి ఆ తర్వాత పొరపాటు జరిగినా రెంటికీ సమానంగానే జరుగుతుంది. కలపక ముందు జరిగే పొరపాటు మాత్రం ఎవరికీ కనబడదు.

బోడిల్‌కి ఆ సంగతి బాగా తెలుసు. అందుకే బరువు కణాలను ఎప్పుడూ ఎడమ పెట్టెలో, తేలిక కణాలను కుడి పెట్టెలో ఉంచేది. పెట్టెలంటే ఇంక్యుబేటర్లు, రెండూ పక్కపక్కనే. ఎడమ దాని తలుపుకి ఎర్ర టేపు అంటించింది. ఒక్క గిన్నె తారుమారైతే నెల పని గంగలో కలుస్తుందని ఆమె భయం. రెండు పెట్టెల మీదా ఎర్రంకెల్లో ముప్పై ఏడు డిగ్రీలని వెలుగుతూ ఉండేది.

ఆ కణాలు రాన్వా కోసం. ఫారో దీవుల పిల్ల, పొడుగ్గా ఉండేది. మీటింగుల్లో స్వెటర్ అల్లుకుంటూనే అందరికంటే పదునైన ప్రశ్న వేసేది. రెండేళ్ల ఒప్పందం మీద వచ్చింది. ఆ గడువు మార్చి ఆఖరుతో ముగుస్తుంది. ఆమెకీ బోడిల్‌కీ ఒకరంటే ఒకరికి ప్రాణం, పైకి మాత్రం తిట్టుకునేవాళ్లు.

"ముసలమ్మా, నా పిల్లలు తిన్నారా?"

"తిన్నారు. నీలాగా కప్పు కడక్కుండా వదిలెయ్యలేదు."

"ఆ కప్పు నాది కాదు, టోర్కిల్‌ది!"

"టోర్కిల్ లిప్‌స్టిక్ వేసుకోడు, దీవి పిల్లా."

టోర్కిల్ మా బృందానికి పెద్ద. మంచివాడే, అవతలివాళ్లు చెప్పేది వినే ఓపిక మాత్రం తక్కువ. కండరాలు కరిగిపోయే జబ్బుకి ఒక మొక్క నుంచి తీసిన మందు పనికొస్తుందని అతని నమ్మకం. రాన్వా ఆ మందును బరువు కణాలకు వేసింది, తేలిక వాటికి వెయ్యలేదు. పద్నాలుగు ప్రోటీన్లు రెండింతలకు పైగా లేచాయి. అన్నీ కష్టకాలంలో కణాన్ని కాపాడే రకం. మూడుసార్లు చేశారు, మూడుసార్లూ అదే ఫలితం. నా తెర మీద ఆ శిఖరాలను చూసి టోర్కిల్ నన్ను కావలించుకున్నాడు. డిసెంబరులో పత్రం రాసి ఒక పత్రికకి పంపారు. టోర్కిల్ దాన్నే చూపించి రాన్వాకి ఇంకో మూడేళ్ల ఉద్యోగం ఖాయం చేయించాడు. ఆమె కాలువ పక్కన ఇల్లు అద్దెకు తీసుకుంది.

జనవరి పదో తారీఖు శనివారం. బోడిల్ ఒక్కతే వచ్చి పెట్టెల్లో నీళ్ల పళ్లేలు నింపుతోంది. కణాలకు తేమ కోసం అడుగున ఒక పళ్లెం నిండా నీళ్లు ఉంచుతారు. కుడి దాంట్లో సగం ఉన్నాయి. ఎడమది పొడిగా ఉంది. శరదృతువు నుంచీ ఎడమది తొందరగా ఎండిపోతూనే ఉంది. తలుపు రబ్బరు వదులైందేమో అనుకుంటూ వచ్చింది. ఆ రోజెందుకో ఒక బీకరులో నీళ్లు పోసి, థర్మామీటరు ముంచి, ఎడమ పెట్టెలో పెట్టి గంటసేపు కూర్చుంది. ముప్పై తొమ్మిదిన్నర చూపించింది. వేరే థర్మామీటరు పెట్టింది. అంతే చూపించింది. కుడి పెట్టెలో పెడితే సరిగ్గా ముప్పై ఏడు. ఎడమ తలుపు మీద ఎర్రంకెలు ముప్పై ఏడనే వెలుగుతున్నాయి.

మనిషికైతే అది జ్వరం. కణానికి కష్టకాలం అంటే మొట్టమొదట వేడే. ఆ పద్నాలుగు ప్రోటీన్లలో సగానికి పైగా వేడి తగిలినప్పుడు కణం చేసుకునేవేనని మా నడవాలో అందరికీ తెలుసు. మందే వాటిని పుట్టించిందన్నదే మా గొప్ప కబురు.

ఆ సంగతి ఆమె ఆ రోజు ఎవరికీ చెప్పలేదు. పెట్టె లోపలి మీట తిప్పి వేడి తగ్గించలేదు కూడా. ముందు నిజం తేల్చుకోవాలనుకుంది. సీసాల అడుగున మిగిలిపోయిన బరువు ఆమ్లాలు ఖరీదైనవని పారెయ్యకుండా దాచి ఉంచింది, వాటితో కొద్దిపాటి కణాలను మళ్లీ పెంచింది. మిగతాదంతా పాత పద్ధతే. బరువువి ఎడమ పెట్టెలో, తేలికవి కుడి పెట్టెలో. ఒక్కటే మార్చింది. మందు ఈసారి తేలిక వాటికి వేసింది. మందుకి బలముంటే తేలిక శిఖరాలు లేవాలి. బలం పెట్టెదైతే బరువువే లేస్తాయి. అలా తారుమారు చేసి చూడటం ఈ పద్ధతిలో అందరూ చెయ్యాల్సిన పనే. తొందరలో మేం చెయ్యలేదు.

మూడు వారాల తర్వాత మధ్యాహ్నం నా గదికి వచ్చి బల్ల మీద ఒక చిన్న గొట్టం పెట్టింది.

"దీన్ని నడిపిపెట్టు వెర్నర్."

"ఎవరిది?"

"నాది."

"నీదా! ఈ వయసులో డాక్టరేటు చేస్తున్నావా?"

ఆమె నవ్వలేదు. "రిజిస్టర్‌లో రాయకు" అంది.

పంతొమ్మిదేళ్లలో ఆమె నన్నేమీ అడగలేదు. నేను రాయలేదు. యంత్రం నడుస్తున్నంతసేపూ నా వెనక స్టూలు మీద చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. సాయంత్రం నాలుగింటికి మొదటి జంట తెర మీద కనిపించింది. బరువుది రెండింతలు. తర్వాతి జంటా అంతే. ఏడో జంట దగ్గర నేను కుర్చీ వెనక్కి తిప్పాను.

"మందు దేనికి వేశావు?"

"తేలిక వాటికి."

"మరి బరువువి లేస్తున్నాయేం?"

అప్పుడు థర్మామీటరు సంగతి చెప్పింది. టోర్కిల్ నన్ను కావలించుకున్నది గుర్తొచ్చి సిగ్గేసింది.

"పెట్టె చెడిపోతే నీ తప్పేముంది?" అన్నాను.

"రెండు పెట్టెల్లో పెట్టింది నేనే. ఒకే పెట్టెలో పెట్టుంటే ఏ గొడవా ఉండేది కాదు. కలిసిపోతాయని భయపడి విడదీశాను."

"టోర్కిల్‌కి చెప్పెయ్."

"చెప్తాను."

చెప్పలేదు. నేనూ చెప్పలేదు. మా విభాగంలో ఇద్దరు సహాయకులను తీసేస్తారని పుకారు పుట్టి అప్పటికి కొన్ని వారాలైంది. బోడిల్‌కి అరవై నిండటానికి ఇంకా ఇరవై నెలలుంది. అప్పటిదాకా ఉద్యోగంలో ఉంటేనే ముందస్తు పింఛను చేతికొస్తుంది. అవన్నీ నిజాలే. కానీ ఆమెను ఆపింది అవి కావని నాకనిపిస్తుంది. కణాల గదిలో రాన్వా ఆమెకు రెండడుగుల దూరంలో పనిచేసేది. ఆ గదికి కిటికీ లేదు, ఫ్యాను హోరు ఒకటే వినబడుతుంది. ఇద్దరికీ వీపులు తగిలేంత చోటు. రాన్వా రోజంతా కబుర్లు చెప్పేది. కొత్త ఇంటి వంటగది గోడకి ఏ రంగు వేస్తే బాగుంటుందని అడిగేది. పసుపు వెయ్యమని బోడిల్ చెప్పేది. ఆ గదిలోంచి బయటికొచ్చి ఐదు నిమిషాలు నడవాలో ఊరికే నిలబడి, మళ్లీ లోపలికి పోయేది. ఒకరోజు నా ఎదురుగా కూర్చుని రొట్టె మీద వెన్న రాస్తూ రాస్తూ ఆగిపోయింది.

"ఒక్కరోజు ఆగితే ఏమవుతుందిలే అనుకుంటాను. ఆ ఒక్కరోజు కూడా దాచిందాన్నవుతాను కదా. రేపు చెప్పడం ఇవాళ కంటే కష్టం. నిన్నైతే ఇంత కష్టం కాదు" అంది.

నేను బీట్‌రూట్ సీసా ఆమె వైపు జరిపాను.

ఫిబ్రవరి ఆఖరి శుక్రవారం పత్రం అంగీకరించినట్టు కబురొచ్చింది. పరీక్షించిన వాళ్లు చిన్న చిన్న మార్పులే అడిగారు. తారుమారు చేసి చూశారా అని ఒక్కరూ అడగలేదు. కాఫీ గదిలో బల్ల మీద సంబరాలకి పెట్టే చిన్న జెండా పెట్టారు, మూడు పొరల క్రీము కేకు తెచ్చారు. రాన్వా తన చేత్తో ముక్కలు కోసి పంచింది.

"పెద్ద ముక్క ముసలమ్మకి. వేలల్లో పిల్లల్ని పెంచింది" అంది. అందరూ చప్పట్లు కొట్టారు. బోడిల్ తినేసింది. రాన్వా ఇంకో ముక్క వేస్తే అదీ తినేసింది. నేను జెండా వైపు చూస్తూ కూర్చున్నాను.

సోమవారం పొద్దున్న బోడిల్ టోర్కిల్ గదికి వెళ్లింది. అక్కడ జరిగింది తర్వాత నాకు చెప్పింది.

"ఎడమ పెట్టె వేడెక్కుతోంది టోర్కిల్."

"అయితే రిపేరు వాళ్లకి ఫోన్ చెయ్. నాతో ఎందుకు?"

"శరదృతువు నుంచీ వేడెక్కుతోంది" అని తన ఫలితాల కాగితం బల్ల మీద పెట్టింది.

అతను చదివాడు. లేచి తలుపు మూశాడు.

"పెట్టె వల్ల కొంత ఉండొచ్చు. మందు వల్లా కొంత ఉండొచ్చు కదా."

"మందు వేసినవి లేవలేదు. వెయ్యనివి లేచాయి."

"ఒక్కసారి చేశావు బోడిల్. ఒక్కసారి చేస్తే చాలదు."

"మనం మూడుసార్లు చేశాం. మూడుసార్లూ అదే పెట్టెలో."

అతను కాగితం వెనక్కి తిప్పి చూశాడు. "యంత్రం ఎవరు నడిపారు?"

"నేనే" అంది బోడిల్.

ఆమెకు ఆ యంత్రం ఆన్ చెయ్యడం కూడా రాదు. ఆ సంగతి టోర్కిల్‌కి తెలుసు. అయినా మరి అడగలేదు.

"రాన్వాకి నేను చెప్తాను. నువ్వు తొందరపడకు. ఒక వారం ఆగు" అన్నాడు.

వారం ఆగింది. అది ముందరి వారాలన్నిటి కంటే ఘోరంగా గడిచిందట. అంతకు ముందు నోరు మూసుకోవడం తన ఇష్టం. ఇప్పుడు పెద్దాయన మాట. టోర్కిల్ మంగళవారం చెప్పలేదు, గురువారం చెప్పలేదు. అచ్చుకి వెళ్లే ముందు చూసుకోమని పత్రం పంపితే రాన్వా దాన్ని కణాల గదికే తెచ్చుకుని, గౌను వేసుకుని, కామాలు దిద్దుతూ కూర్చుంది.

సోమవారం మధ్యాహ్నం బోడిల్ చేతి తొడుగులు విప్పి చెత్తబుట్టలో వేసింది.

"ఆ కామాలు దిద్దకు రాన్వా."

"ఎందుకు?"

చెప్పింది. నిలబడే చెప్పింది. ఆ గదిలో ఉంచే డ్రై ఐస్ కోసం వెళ్లిన నేను గుమ్మంలో చిక్కుకుపోయాను. ముందుకీ పోలేను, వెనక్కీ పోలేను. రాన్వా అడ్డు తగలకుండా విన్నది. తర్వాత ఎడమ పెట్టె తలుపు తెరిచి, అందులో చెయ్యి పెట్టి, కుడి దాంట్లో చెయ్యి పెట్టి చూసింది. చేతికి తెలిసే తేడా కాదది.

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

"జనవరి పదో తారీఖు నుంచి."

రాన్వా వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. "ఎనిమిది వారాలు. కేకు తిన్నావు కదా."

"తిన్నాను."

"రెండో ముక్క కూడా."

"నువ్వే వేశావు."

ఆ మాట ఎందుకన్నానా అని బోడిల్ ఆ తర్వాత ఎన్నోసార్లు అనుకుంది.

"పెట్టె చెడిపోతే నిన్నేమీ అనను. ఎవరి పెట్టైనా చెడిపోతుంది" అంది రాన్వా. "వంటగదికి పసుపు రంగు వెయ్యమన్నావే, అప్పుడు తెలుసు నీకు."

అప్పుడు నా వైపు తిరిగింది. "వెర్నర్, నీకు తెలుసా ఇది?"

"లేదు" అన్నాను.

బోడిల్ నా వైపు చూడనైనా చూడలేదు. పెట్టె తలుపు మూసి, గడియ సరిగ్గా పడిందా అని రెండోసారి నొక్కింది.

రాన్వా ఆ సాయంత్రమే పత్రిక వాళ్లకి రాసి పత్రం వెనక్కి తీసుకుంది. టోర్కిల్‌ని అడగలేదు. రెండు రోజులు అతని గదిలోంచి అరుపులు వినిపించాయి. మూడో రోజు అతను కాఫీ గదిలో, పరిశోధనలో నిజాయితీయే ముఖ్యమని మా అందరికీ చెప్పాడు. ఆ మూడేళ్ల ఉద్యోగం పత్రం మీద ఆధారపడింది కాబట్టి పత్రంతోపాటే పోయింది. మార్చి ఆఖర్న రాన్వా ఇల్లు ఖాళీ చేసి తన దీవుల్లోని టోర్స్‌హాన్ వెళ్లిపోయింది. అక్కడ చేపలను పరీక్షించే ల్యాబులో చేరిందని విన్నాం. వెళ్లే రోజు నాకు చెయ్యి కలిపింది. కణాల గది వైపు పోలేదు.

రెండు గుంపులనూ ఒకే పెట్టెలో పెంచి, తారుమారు చేసి, మొత్తం మళ్లీ చేశాం. పద్నాలుగింటిలో ఒక్కటీ నిలబడలేదు. ముందు మేం పట్టించుకోని వేరే రెండు ప్రోటీన్లు మాత్రం కొద్దిగా, కానీ నిజంగానే మారుతున్నాయి. దాని మీద ఇంకొకరు చిన్న పత్రం రాశారు.

బోడిల్‌ని ఎవరూ తీసెయ్యలేదు. అరవై నిండేదాకా అదే గదిలో పనిచేసింది. టోర్కిల్ మర్యాదగానే ఉన్నాడు. మాట్లాడాల్సింది చీటీ మీద రాసి తలుపుకి అంటించేవాడు. కొత్తగా వచ్చిన వాళ్లకు ఎవరో అంతా చెప్పేసి ఉంటారు. వాళ్లు తమ గిన్నెల మీద తామే నిఘా పెట్టుకునేవాళ్లు, ఆమె చూస్తుండగానే థర్మామీటర్లు తీసి చూసుకునేవాళ్లు. వేరే విభాగానికి మార్చమని రెండుసార్లు దరఖాస్తు పెట్టింది, ఖాళీ లేదన్నారు.

"మానెయ్" అని ఆక్సెల్ నా ముందే అన్నాడోసారి. "పింఛను పోతే పోయింది. నిన్ను చూడలేకపోతున్నాను."

"మానేస్తే పారిపోయినట్టుంటుంది" అంది.

"ఎవరు చూస్తున్నారే నువ్వు పారిపోతే?"

మర్నాడు ఎప్పటిలాగే ఊలు టోపీతో వచ్చింది.

పదకొండున్నరకి మా భోజనం ఆగలేదు. ఎదురెదురుగానే కూర్చునేవాళ్లం. నేను "లేదు" అన్న మాట ఆమె ఒక్కసారీ ఎత్తలేదు. ఒక్కసారి తిట్టి ఉంటే నాకు ఎంత హాయిగా ఉండేదో. రొట్టె అందిచ్చేది, వాతావరణం గురించి మాట్లాడేది, లేచి వెళ్లిపోయేది. అరవై నిండిన రోజున మేం పూలు ఇచ్చాం. టోర్కిల్ రెండు నిమిషాలు మాట్లాడాడు. ఆమె గది తాళంచెవి నా బల్ల మీద పెట్టి, "ఇది ఎవరికివ్వాలో నాకు తెలీదు" అని చెప్పి వెళ్లిపోయింది.

అదంతా జరిగి చాలా ఏళ్లైంది. టోర్కిల్ వేరే ఊరు వెళ్లాడు. నేనూ రిటైరయ్యాను. పోయిన శరదృతువులో రాన్వా చిరునామా సంపాదించి ఉత్తరం రాశాను. గొట్టం నడిపింది నేనేనని, గుమ్మంలో అబద్ధం చెప్పానని. జవాబు రాలేదు.

శనివారం సంతలో బోడిల్ కనిపిస్తే ఆ సంగతి చెప్పాను. బంగాళాదుంపలు ఏరుకుంటూ విన్నది.

"నా గురించి ఏమైనా రాశావా?"

"నువ్వు నా పేరు బయటపెట్టలేదని రాశాను."

"అది తీసెయ్యాల్సింది. నన్ను మంచిదాన్ని చెయ్యాలని చూశావనుకుంటుంది" అంది. సంచీ అంగడివాడికిచ్చి, ఉల్లికాడలు తాజావేనా అని అడిగింది.